పదాలన్నీ తెలుసు, జవాబే తప్పు: గావోకావో ఇంగ్లిష్ పాసేజీల సంగతి

ఆమ్‌స్టర్‌డామ్‌లో సైకిల్ అద్దెకు తీసుకోవాలి. హ్యాండ్ బ్రేకు, మూడు గేర్లు ఉన్న సైకిల్‌కి మొదటి రోజు 14.75 యూరోలు, ఆపైన ప్రతి రోజుకూ 8 యూరోలు. గేర్లు లేని ఫుట్ బ్రేకు సైకిల్‌కి మొదటి రోజు 9.75, ఆపైన రోజుకు 6. హ్యాండ్ బ్రేకు సైకిల్‌ని రెండు రోజులు ఉంచుకుంటే ఎంతవుతుంది?

చైనా విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష గావోకావోలో 2023 జూన్‌లో వచ్చిన ప్రశ్న ఇది. షాన్‌డాంగ్, జియాంగ్సు, గ్వాంగ్‌డాంగ్, హుబెయ్ లాంటి ప్రావిన్సుల పిల్లలు రాసిన ఇంగ్లిష్ పేపర్‌లో మొదటి పాసేజీ కింద ఉంది. ఆప్షన్లు నాలుగు: 15.75, 19.50, 22.75, 29.50. జవాబు 22.75. లెక్క అయిదో తరగతి పిల్లాడైనా చేస్తాడు. చూడాల్సింది మిగతా మూడు అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది.

15.75 అంటే పట్టికలో పక్క గడి చూసి ఫుట్ బ్రేకు సైకిల్ లెక్క కట్టినవాడి జవాబు. 29.50 అంటే రెండో రోజు రేటు తగ్గుతుందన్న వరుస చదవకుండా 14.75ని రెండుతో హెచ్చవేసినవాడిది. 19.50 అంటే ఈ రెండు పొరపాట్లూ ఒకేసారి చేసినవాడిది. ఒక్క అంకె కూడా ఊరికే వేసింది కాదు. ఎవరు ఎక్కడ తొందరపడతారో ముందే లెక్కేసి, ఆ తొందరకు తగిన జవాబును సిద్ధంగా పెట్టారు.

దాని పక్క ప్రశ్న కూడా ఇలాంటిదే. గైడుతో సైకిల్ మీద నగరం చూసే టూర్ ఎక్కడ మొదలవుతుందని అడిగారు. నాలుగు చోట్ల పేర్లూ పాసేజీలో ఉన్నవే. వాటిలో మూడు టూర్‌లో దారిలో చూపించేవి, ఒక్కటే బయల్దేరే చోటు. పేరు కనిపించగానే జవాబు పత్రంలో గోళం నింపేసినవాడికి రెండున్నర మార్కులు పోయినట్టే.

పేపర్‌లో అన్నిటికన్నా సులువైన పాసేజీ ఇది. నాలుగోదానికి వచ్చేసరికి ఇదే పద్ధతి సైకిల్ అద్దె మీద కాకుండా గణాంక శాస్త్రం మీద నడుస్తుంది. అందుకే ఈ పేపర్‌కి ఎలా ప్రాక్టీస్ చేయాలన్న ప్రశ్నకు జవాబు ఇంగ్లిష్ ఎలా నేర్చుకోవాలన్నదానితో పూర్తిగా కలవదు. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే పిల్లలు ఏళ్ల తరబడి పాసేజీలు చేస్తూ అవే మార్కుల దగ్గర ఆగిపోతున్నారని నా అభిప్రాయం.

నూట యాభైలో యాభై, నిజానికి ఇంకా ఎక్కువే

గావోకావో మొత్తం 750 మార్కులు. చైనీస్, లెక్కలు, విదేశీ భాష తలా 150. మిగతా 300 విద్యార్థి ఎంచుకున్న మూడు సబ్జెక్టులవి. విదేశీ భాషగా ఇంగ్లిష్, రష్యన్, జపనీస్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్‌లలో ఏదైనా తీసుకోవచ్చు కానీ అత్యధికులు రాసేది ఇంగ్లిషే. 2023లో ఈ పరీక్షకు పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు 1 కోటి 29 లక్షల మంది, 2024లో 1 కోటి 34 లక్షలు.

కొత్త పద్ధతి ఇంగ్లిష్ పేపర్ రెండు గంటలు. లిజనింగ్‌కి 30 మార్కులు. రీడింగ్‌కి 50: నాలుగు పాసేజీల మీద 15 ప్రశ్నలు, తర్వాత ఖాళీలున్న ఒక వ్యాసంలో వాక్యాలు సరిగ్గా అమర్చే ప్రశ్నలు 5, ఒక్కోటి రెండున్నర మార్కులు. ఆపైన ఖాళీలు నింపే రెండు ప్రశ్నలకు కలిపి 30, రాతకు 40. పైకి చూస్తే రీడింగ్ మూడో వంతు. కానీ ఖాళీలు నింపాలన్నా పాసేజీ అర్థం కావాలి. రాతలో 25 మార్కుల ప్రశ్నకైతే ఒక కథ చదివి దాన్ని కొనసాగించాలి. చదవడం రానివాడికి లిజనింగ్ తప్ప మిగతా పేపర్ అంతా ఇబ్బందే.

రెండు ప్రశ్నలు పోతే 5 మార్కులు. 750లో 5 ఒక లెక్కా అనిపిస్తుంది. పెద్ద ప్రావిన్సుల్లో ఫలితాలతో పాటు ఏ మార్కు దగ్గర ఎంతమంది ఉన్నారో చెప్పే పట్టిక విడుదల చేస్తారు. మధ్యస్థాయి మార్కుల దగ్గర ఒక్కో మార్కుకూ వెయ్యి మందికి పైనే ఉంటారు. ఎంసెట్‌లో (ఇప్పటి ఈఏపీసెట్‌లో) ఒక్క మార్కుకు ర్యాంకు ఎంత జారుతుందో తెలిసిన మన తల్లిదండ్రులకు ఈ టెన్షన్ గురించి వేరే చెప్పక్కర్లేదు. తేడా ఒకటే: మన ఎంసెట్, జేఈఈ, నీట్‌లలో ఇంగ్లిష్ పేపరే లేదు. ఇంజినీరింగ్ సీటుకు ఇంగ్లిష్ మార్కు అడ్డుపడుతుందన్న భయం మన పిల్లలకు లేదు. అక్కడ ఫిజిక్స్ చదవాలనుకునే పిల్లాడికీ ఉంది.

మొదట్లో అక్కడా ఇలా లేదు. సాంస్కృతిక విప్లవ కాలంలో ఆగిపోయిన పరీక్షను 1977లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇంగ్లిష్ నామమాత్రమే. ఆ తర్వాతి కొన్నేళ్లలో దాని మార్కుల వాటా మెట్టుమెట్టుగా పెంచి, 1980ల తొలి సగానికి మిగతా సబ్జెక్టులతో సమానం చేశారు. ఇప్పుడు మనం చూస్తున్న నాలుగు ఆప్షన్ల పద్ధతి వెనక గుయ్ షిచున్ అనే భాషాశాస్త్ర ఆచార్యుడి కృషి ఉంది. ఆయన చొరవతో 1985లో గ్వాంగ్‌డాంగ్‌లో ప్రామాణిక పరీక్ష ప్రయోగం మొదలైంది, తర్వాత దేశమంతా పాకింది. లక్షల పేపర్లను ఒకే కొలతతో, దిద్దేవారి ఇష్టాయిష్టాలకు తావు లేకుండా దిద్దడానికి అంతకన్నా దారి లేదు. దాని ఖర్చు వేరే చోట పడింది. ప్రశ్న రాసేవాడి నైపుణ్యమంతా సరైన జవాబు రాయడంలో కాక, తప్పు జవాబులను నమ్మేలా రాయడంలోకి వెళ్లిపోయింది.

మూడు వేల పదాల గీత

చైనా హైస్కూల్ ఇంగ్లిష్ పాఠ్యప్రణాళిక ప్రకారం గావోకావో రాసే విద్యార్థికి రావాల్సిన పదాలు మూడు వేల పైచిలుకు. పాత ప్రణాళిక నాటి 3500 పదాల జాబితా ఇప్పటికీ పిల్లల బ్యాగుల్లో తిరుగుతూనే ఉంటుంది. పాసేజీల మూలాలు మాత్రం చాలావరకు ఇంగ్లిష్ దేశాల పత్రికలు, పుస్తకాలు. వాటిని కుదించి, సరిచేసి వాడతారు. జాబితాలో లేని పదం తప్పనిసరైతే దాని పక్కనే చైనీస్‌లో అర్థం ఇస్తారు.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. పదాలు రాకపోవడం వల్లే మార్కులు పోతున్నాయనుకుని ఐదు వేలు, ఆరు వేలు బట్టీ పడతారు. పేపర్ పెట్టేవాళ్లు ఆ గీత దాటరని మాటిచ్చాక, దాని అవతల ఎంత దూరం పోయినా పెద్దగా లాభం ఉండదు. గీత లోపల కష్టం ఎలా పెంచుతారన్నదే అసలు విషయం.

అందుకు వాళ్ల దగ్గర ప్రధానంగా రెండు సాధనాలు ఉన్నాయి. మొదటిది తెలిసిన పదాలతో కట్టిన పొడవాటి వాక్యం. ఈ విషయంలో చైనా పిల్లల కష్టం తెలుగువాళ్లకు బాగా అర్థమవుతుంది. మనం ‘నిన్న మా మాస్టారు ఇచ్చిన పుస్తకం’ అంటాం. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అన్నీ ముందు చెప్పి చివర్లో పుస్తకం దగ్గరికి వస్తాం. చైనీస్‌లోనూ అంతే, వివరణంతా ముందు, నామవాచకం చివర. ఇంగ్లిష్‌లో పుస్తకం ముందు వచ్చేస్తుంది, దాని వెనక వివరణ తోకలా సాగుతుంది. ఆ తోకలో ఇంకో నామవాచకం, దానికి ఇంకో తోక. వాక్యం చివరికి చేరేసరికి అసలు కర్త ఎవరో, క్రియ ఏదో మరిచిపోతాం. పైగా చైనీస్‌లో క్రియకు కాలాన్ని బట్టి రూపం మారదు. జరిగిపోయినదా, జరిగి ఉంటే బాగుండేదా అన్న తేడా క్రియారూపంలోనే దాక్కుంటే అక్కడి పిల్లలు దాన్ని గమనించకుండా దాటేస్తారు. ఆ విషయంలో మనం కొంత నయం.

ఇలాంటి వాక్యం కింద పదాల అర్థాలు రాసుకుంటూ పోతే పని జరగదు. కర్త కింద గీత గీసి, దాని క్రియ ఎక్కడుందో వెతికి, మధ్యలో ఉన్నదంతా బ్రాకెట్లో పెట్టేయాలి. రోజుకు రెండే రెండు వాక్యాలు ఇలా విప్పినా చాలు. వంద వాక్యాలు విప్పినవాడికి ఇంగ్లిష్ తోకల రకాలు నిజానికి చాలా తక్కువని అర్థమవుతుంది.

రెండో సాధనం మరింత సూక్ష్మమైనది. పాసేజీలో ఉన్న మాటను సరైన ఆప్షన్‌లోంచి తీసేసి, తప్పు ఆప్షన్‌లో పెట్టడం.

ఎద్దు బరువు పాసేజీ

2023 పేపర్‌లోనే నాలుగో పాసేజీ తీసుకుందాం. ఇంగ్లండ్ గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1907 మార్చి 7న ప్రచురించిన చిన్న వ్యాసంతో అది మొదలవుతుంది. పశువుల సంతలో ఒక ఎద్దు బరువు ఎంతుంటుందో జనం విడివిడిగా అంచనా వేస్తే, ఎవరి అంచనా ఎంత తప్పయినా అన్నిటి సగటు అసలు బరువుకు చాలా దగ్గరగా వచ్చింది. కొందరు ఎక్కువ చెబుతారు, కొందరు తక్కువ చెబుతారు, ఆ తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అయితే ఎవరికి వారు స్వతంత్రంగా చెప్పాలి. ఒకరిని చూసి ఒకరు చెబితే అందరి తప్పూ ఒకే వైపు మొగ్గుతుంది. రెండో పేరా అంతా ఇదే.

మూడో పేరాలో కథ మలుపు తిరుగుతుంది. హోవాకిన్ నవాహాస్ నేతృత్వంలోని అధ్యయనంలో జనాన్ని చిన్న గుంపులుగా చేసి మాట్లాడుకోనిచ్చారు. ఐదుగురేసి ఉన్న నాలుగు గుంపులు మాట్లాడుకుని చెప్పిన అంచనాల సగటు, విడివిడిగా చెప్పిన ఇరవై మంది సగటు కన్నా కచ్చితంగా ఉంది.

ప్రశ్న: ఏ పరిస్థితి ఉన్నా సరే సగటు కచ్చితత్వం పెరగవచ్చని ఈ అధ్యయనం తేల్చింది? సరైన ఆప్షన్ ‘అంచనాలు పూర్తిగా స్వతంత్రమైనవి కాకపోయినా’. పాసేజీలో ఈ మాట ఇలా లేదు. ‘చర్చించుకోనిచ్చారు’ అని ఉంది. చర్చించుకుంటే స్వతంత్రత పోతుందన్నది రెండో పేరా నుంచి పాఠకుడు తెచ్చుకోవాలి. రెండు పేరాలు కలిస్తే గానీ జవాబు లేదు. ‘వ్యక్తులు మాట్లాడుకోకపోయినా’ అని ఇంకో ఆప్షన్ ఉంది. రెండో పేరా మాత్రమే మనసులో నాటుకున్నవాడు దాని మీద పడతాడు. అది అధ్యయనం చెప్పినదానికి సరిగ్గా తలకిందులు.

తర్వాతి ప్రశ్న ఇంకా ముచ్చటైనది. రెండో విడత అధ్యయనం దేని మీద దృష్టి పెట్టింది? పాసేజీలో ఇలా ఉంది: గుంపులో ధీమాగా మాట్లాడేవారి వెంట మిగతావారు పోయారా? మొండిగా మాట మార్చనివారి వెంట పోయారా? కొన్నిసార్లు అలా జరిగింది కానీ అది ‘డామినెంట్’ (ప్రధానమైన) స్పందన కాదు, ఎక్కువ గుంపులు వాదనలు పంచుకుని కలిసి ఆలోచించామన్నాయి. ఆప్షన్లలో ఒకటి ‘డామినెంట్ సభ్యులు’. పాసేజీలోని పదం ఉన్నదున్నట్టు తెచ్చి, వేరే నామవాచకం పక్కన కూర్చోబెట్టారు. సరైన జవాబు ‘చర్చ జరిగిన తీరు’. పదం పట్టుకుని వెతికేవాడు మొదటిదానికి పోతాడు, పేరా ఏం చెబుతోందని చూసేవాడు రెండోదానికి వస్తాడు.

చివరిది రచయిత వైఖరి. చివరి వాక్యం సారాంశం: ఈ అధ్యయనాలకు పరిమితులు ఉన్నప్పటికీ, ఎన్నో ప్రశ్నలు మిగిలే ఉన్నప్పటికీ, గుంపు చర్చల విషయంలో వీటి ప్రాధాన్యం చాలా పెద్దది. ‘పరిమితులు’, ‘ప్రశ్నలు’ అన్న మాటలు కళ్లబడగానే ‘అనుమానం’ అన్న ఆప్షన్ పెట్టేస్తారు. జవాబు ‘సమర్థన’. ఇంగ్లిష్‌లో ‘ఆల్‌దో’తో మొదలైన భాగం ఒప్పుకోలు మాత్రమే, రచయిత అసలు నిలబడేది దాని తర్వాతి భాగంలో. ఈ వాక్యంలో కష్టమైన పదం ఒక్కటీ లేదు.

అదే పేపర్ మూడో పాసేజీ ఫోన్లు, తెరల వాడకం తగ్గించుకోవడం గురించిన ఒక పుస్తకపు పరిచయం. అందులో ‘డీక్లటర్’ అన్న పదం కింద గీత గీసి అర్థం అడిగారు. పక్క వాక్యంలోనే వివరణ ఉంది: ముప్పై రోజులు తప్పనిసరి కాని ఆన్‌లైన్ పనులన్నీ ఆపేయాలి, ఆ తర్వాత నిజంగా మేలు చేసేవాటిని మాత్రం కొన్ని తిరిగి చేర్చుకోవాలి. ‘శుభ్రం చేసుకోవడం’ జవాబు. వివరణలో ‘యాడ్ బ్యాక్’ అని ఉంది కదా, ఆప్షన్లలో ‘యాడ్-ఆన్’ పెట్టారు. ఇలాంటి ప్రశ్నలో పదం ముందే తెలిసి ఉండటం పెద్ద సుగుణమేమీ కాదు. పక్కింటివాళ్లను బట్టి దాన్ని గుర్తుపట్టాలనే అడుగుతారు.

మనలో చాలామంది ఇంటర్మీడియట్ ఇంగ్లిష్‌లో పాసేజీ ప్రశ్నలకు ఎలా రాసేవాళ్లమో గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది. ప్రశ్నలోని పదాన్ని పాసేజీలో వెతికి, అది దొరికిన వాక్యాన్ని ఎత్తి రాసేస్తే మార్కు పడేది. ఆ అలవాటునే ఉచ్చుగా మారిస్తే గావోకావో పేపర్ తయారవుతుంది. విదేశీ చదువులకని ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రాసినవాళ్లకు ‘నాట్ గివెన్’ (చెప్పలేదు) అన్న ఆప్షన్ తలనొప్పి గుర్తుండే ఉంటుంది. దానిదీ ఇదే కుటుంబం. నిజమే అనిపిస్తుంది, లోకంలో నిజమే కావచ్చు కూడా, కానీ పాసేజీ ఆ సంగతి చెప్పలేదు.

ప్రాక్టీస్ ఎక్కడ దారి తప్పుతుంది

చైనా హైస్కూల్ మూడో ఏడాది, అంటే మన ఇంటర్ సెకండియర్ లాంటిది, దాదాపు అంతా పునశ్చరణే. తెల్లవారే గట్టిగా చదివే పీరియడ్, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు, నెలనెలా పరీక్ష, వేసవి దగ్గరపడ్డాక మూడు విడతల మాక్ పరీక్షలు. ఐదేళ్ల అసలు పేపర్లు, మూడేళ్ల మాక్ పేపర్లు కలిపి అచ్చేసిన లావుపాటి పుస్తకం డెస్కు మీద లేని పిల్లాడు ఉండడు. హెబెయ్ ప్రావిన్స్ హెంగ్‌షుయ్‌లోని ఒక ప్రసిద్ధ హైస్కూల్ పేరు మీద ఇంగ్లిష్ చేతిరాత శైలి కూడా ఉంది. అచ్చు యంత్రంలోంచి వచ్చినట్టుండే గుండ్రటి అక్షరాలు. స్కాన్ చేసిన పేపర్ దిద్దేవారి కంటికి ఇంపుగా ఉండాలని పిల్లలు దాన్ని కూడా కూర్చుని సాధన చేస్తారు. కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లు చూసినవాళ్లకు ఈ వాతావరణం కొత్తేమీ కాదు.

ఈ పద్ధతిలో ఒక పిల్లాడు ఏడాదిలో కొన్ని వందల పాసేజీలు చేస్తాడు. చేస్తాడు అంటే చదివి, గోళాలు నింపి, కీ చూసి, టిక్కులు, ఇంటూలు పెట్టి, తర్వాతి పాసేజీకి పోతాడు. తప్పు పోయిన ప్రశ్న మీద గడిపేది అర నిమిషం. ‘ఓహో, సి అన్నమాట’ అనుకుంటాడు. సి ఎందుకో కొంత తెలుస్తుంది. తాను పెట్టిన బి ఎందుకు కాదో తెలియదు. మర్నాడు అదే రకం బి ఇంకో వేషంలో వస్తుంది, మళ్లీ దాన్నే పెడతాడు.

అక్కడి విద్యార్థుల నోట తరచూ వినపడే గోడు మన పిల్లలదీనూ: చివరికి రెండు ఆప్షన్లు మిగులుతాయి, ప్రతిసారీ నేను పెట్టిందే తప్పవుతుంది. దీన్ని దురదృష్టం అంటారు. దురదృష్టమైతే సగం సార్లయినా తగలాలి. ప్రతిసారీ ఒకే వైపు పోతోందంటే ఆ పిల్లాడికి ఒక స్థిరమైన అలవాటు ఉందన్నమాట. పాసేజీలోని పదం కనిపిస్తే నమ్మే అలవాటు కావచ్చు. పాసేజీ చెప్పినదానికన్నా ఒక అడుగు ముందుకేసి ఊహించే అలవాటు కావచ్చు, చురుకైన పిల్లలకు ఇది మరీ ఎక్కువ. ఒక పేరాకే వర్తించే విషయాన్ని మొత్తం పాసేజీ సారాంశంగా తీసుకునే అలవాటు కావచ్చు. అలవాటు ఏదో కనిపెట్టకుండా ఇంకో వంద పాసేజీలు చేస్తే ఆ అలవాటే బలపడుతుంది.

కాబట్టి ప్రాక్టీస్‌లో ఎక్కువ సమయం పోవాల్సింది కీ చూశాక. ఇంకా నిజం చెప్పాలంటే, కీ చూడకముందు. పెట్టిన ప్రతి జవాబుకూ పాసేజీలో ఆధారం ఏ వాక్యమో గుర్తు పెట్టి, మార్జిన్‌లో ప్రశ్న నంబర్ వేయాలి. వాక్యం దొరకకపోతే ఆ జవాబు ఊహ. అది రైటయినా సరే, ఊహ కిందే లెక్క. చాలామంది రైటు పడిన ప్రశ్నలను మళ్లీ చూడరు, గుడ్డిగా తగిలినవన్నీ అక్కడే దాక్కుంటాయి. ఆ తర్వాత కీ చూసి, పోయిన ప్రశ్నలకు రెండు మాటలు రాసుకోవాలి: తప్పు ఆప్షన్‌లో ఏ ఒక్క పదం దాన్ని తప్పు చేసింది, నన్ను దాని వైపు లాగిందేమిటి. సైకిల్ అద్దె ప్రశ్నలో 29.50 దేనివల్ల పుట్టిందో చెప్పగలిగినట్టే ప్రతి తప్పు ఆప్షన్ పుట్టుకనూ చెప్పగలగాలి. ఇలా చేస్తే ఒక పాసేజీకి నలభై నిమిషాలు పట్టవచ్చు. పడనీ. రోజుకు నాలుగు పరుగెత్తించడం కన్నా ఒకటి విప్పడం మేలు.

తప్పుల నోట్‌బుక్ చైనాలో ప్రతి విద్యార్థికీ ఉంటుంది, టీచర్లు తనిఖీ కూడా చేస్తారు. లెక్కలకు అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఇంగ్లిష్‌కి దాన్ని వాడే తీరులోనే చిక్కుంది. మొత్తం ప్రశ్న కత్తిరించి అతికించి, కింద ఎర్ర పెన్నుతో సరైన జవాబు రాస్తే అందమైన ఆల్బమ్ తయారవుతుంది. అదే పాసేజీ మళ్లీ పరీక్షలో రాదు. రాసుకోవాల్సింది తన అలవాటు గురించి, ప్రశ్న గురించి కాదు.

ఏ పేపర్లు చేయాలన్నది ఇంకో చిక్కు. అసలు పేపర్లు తయారు చేసేవాళ్లను బయటి లోకంతో సంబంధం లేకుండా ఒకచోట ఉంచి, ఒక్కో ఆప్షన్‌ను నలుగురి చేత చర్చింపజేసి ఖరారు చేస్తారు. మాక్ పేపర్లకు అంత తీరిక ఎవరికీ ఉండదు. వాటిలో చాలాచోట్ల రెండు ఆప్షన్లూ సమర్థించగలిగేలా ఉంటాయి, కీ మాత్రం ఒకటే చెబుతుంది. అలాంటి ప్రశ్నతో కుస్తీ పట్టిన పిల్లాడు ‘ఆధారం వెతకడం దండగ, ఏదో తోచింది పెట్టాలి’ అన్న పాఠం నేర్చుకుంటాడు. తర్కం మీద నమ్మకం పోగొట్టే ప్రాక్టీస్ కన్నా ఏమీ చేయకపోవడం నయం. అసలు పేపర్లు ఏడాదికి కొన్నే వస్తాయి కాబట్టి వాటిని రెండుసార్లు, మూడుసార్లు చేయాలి. జవాబులు గుర్తున్నా ఫర్వాలేదు, రెండోసారి చూడాల్సింది తప్పు ఆప్షన్లనే. మాక్ పేపర్లను గడియారం పెట్టుకుని వేగం చూసుకోవడానికి ఉంచుకుంటే చాలు. లిజనింగ్‌కి ఇరవై నిమిషాలు పోగా, రీడింగ్ మొత్తానికి ముప్పై అయిదు నుంచి నలభై నిమిషాలు దాటితే చివరి కథ రాయడానికి టైం మిగలదు.

ప్రశ్నలు ముందు చదవాలా, పాసేజీ ముందు చదవాలా అన్న వాదన ఎప్పటికీ తెగదు. సైకిల్ అద్దె లాంటి ప్రకటనలకు ప్రశ్నలు ముందు చూడటమే తెలివి, అది మొత్తం చదవాల్సిన పాఠం కాదు. ఎద్దు బరువు లాంటిదానికి అలా చేస్తే పేరాల మధ్య బంధం తెగిపోతుంది. అక్కడ ప్రశ్నలు మాత్రం చూసి ఆప్షన్లు చూడకుండా పాసేజీలోకి వెళ్లడం మంచిది. నాలుగింట మూడు ఆప్షన్లు అబద్ధాలు. పాసేజీ చదవకముందే మూడు అబద్ధాలు తలలో పెట్టుకోవడం దేనికి?

ఖాళీల్లో వాక్యాలు, ఆగిపోయిన కథ

నాలుగు పాసేజీల తర్వాత వచ్చేది ఐదు ఖాళీలున్న వ్యాసం. కింద ఏడు వాక్యాలు ఇస్తారు, ఐదింటిని సరైన చోట పెట్టాలి, రెండు మిగిలిపోతాయి. ఒకటి తప్పు పడితే దాని చోటులో ఉండాల్సింది ఇంకెక్కడో దూరుతుంది, చూస్తుండగానే ఐదు మార్కులు పోతాయి. దీనికి పదసంపద కన్నా ‘అది’, ‘వాళ్లు’, ‘అయితే’, ‘అందుకే’ లాంటి చిన్న మాటల మీద కన్ను కావాలి. ‘అది’ అని మొదలైన వాక్యానికి ముందు వాక్యంలో ఏకవచన నామవాచకం ఉండి తీరాలి. ప్రాక్టీస్‌కు మంచి పద్ధతి ఒకటుంది: పాత పాసేజీ ఒకటి తీసుకుని, ఒక పేరాలోని వాక్యాలను విడివిడి చీటీల మీద రాసి, కలిపేసి, మళ్లీ వరుసలో పేర్చడం. ఆట లాగా ఉంటుంది, పుస్తకాలు కొనక్కర్లేదు.

చివరిదైన కథ కొనసాగింపు ప్రశ్న 2016లో ఝెజియాంగ్ ప్రావిన్స్‌లో మొదలైంది. చదివినదాన్ని కొనసాగిస్తూ రాయడం వల్ల భాష త్వరగా పట్టుబడుతుందన్న ఆచార్య వాంగ్ చుమింగ్ పరిశోధన దీని వెనక ఉంది. మూడు నాలుగు వందల పదాల కథ ఇచ్చి మధ్యలో ఆపేస్తారు, రెండు పేరాల మొదటి వాక్యాలు ఇస్తారు, మిగతాది దాదాపు 150 పదాల్లో రాయాలి. 2017 జూన్‌లో అదే ప్రావిన్స్‌లో ఇచ్చిన కథలో ఒక స్కూల్ టీచర్ స్నేహితులతో అలాస్కాకు సైకిల్ మీద పోతుంటే తోడేలు వెంటపడుతుంది. ఆ తోడేలుకి పిల్లలు పట్టించిన గతులు చైనా సోషల్ మీడియాలో చాలా రోజులు నవ్వించాయి.

నవ్వుల సంగతి అటుంచితే, ఇది రీడింగ్ విభాగానికి పట్టిన జబ్బుకు కొంత మందు. ఇచ్చిన కథలో ఏయే వస్తువులు, మనుషులు ఉన్నారో, ఎవరి మనసులో ఏముందో పట్టుకోకపోతే కొనసాగింపు అతకదు. ఇక్కడ తప్పు ఆప్షన్ అనేదే లేదు కాబట్టి ఎలిమినేషన్ చిట్కాలు పనిచేయవు. కానీ మార్కుల గొడవ మాత్రం ఈ పేపర్‌ను వదల్లేదు. 2018 నవంబర్‌లో ఝెజియాంగ్ ఇంగ్లిష్ పరీక్షలో పేపర్ కష్టంగా వచ్చిందని కొన్ని ప్రశ్నల మార్కులను అధికారులు సర్దుబాటు చేశారు. తల్లిదండ్రులు భగ్గుమన్నారు. ప్రావిన్స్ గవర్నర్ స్థాయిలో విచారణ జరిగి, ఆ సర్దుబాటు తప్పని తేలి, అందరికీ అసలు మార్కులే తిరిగి ఇచ్చారు.

కోచింగ్ సెంటర్లు ఈ కథలకూ చిట్కాలు కనిపెట్టాయి: కళ్లలో నీళ్లు తిరిగాయి, గుండె వేగంగా కొట్టుకుంది, సూర్యకిరణాలు ముఖం మీద పడ్డాయి లాంటి రెడీమేడ్ వాక్యాల జాబితాలు బట్టీ పట్టిస్తారు. ఏ కథకైనా అతికేవి ఏ కథకూ సరిగ్గా అతకవు. పాసేజీలు విప్పి చదివే అలవాటున్న పిల్లాడికి వీటి అవసరం అంతగా ఉండదు. అలాస్కా కథలో తోడేలు, సైకిల్, దారిలో వచ్చే కార్లు, వెనక వస్తున్న స్నేహితులు అన్నీ ముందే ఉన్నాయి, వాటిని వాడుకుంటే చాలు.

చివరి నెలలో ఉన్నవాళ్లు కొత్త పాసేజీల వేట తగ్గించుకోవాలి. గత రెండు మూడేళ్ల అసలు పేపర్లు, తప్పుల మీద తాము రాసుకున్న ఆ రెండేసి మాటలు, ఇవి చాలు. గావోకావోలో ఇంగ్లిష్ జూన్ 8న మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి వరకు, చాలాచోట్ల ఉదయం ఇంకో పరీక్ష రాసి, అన్నం తిని, కళ్లు మూతలు పడే వేళ. అందుకని ప్రాక్టీస్ కూడా తెల్లవారుజామున కాకుండా అదే మూడు గంటలకు పెట్టుకుంటే, నాలుగో పాసేజీలోని ‘ఆల్‌దో’ను నిద్రమత్తులో దాటేసే అవకాశం కొంతైనా తగ్గుతుంది.